హీరో సరే, ఆ పిల్ల ఎవరు?

ఎడిటరు గారు అప్పగించిన పని ఒక్క వాక్యంలో తేలిపోయింది: కొరియా హీరోల మీద ముఖచిత్ర కథనం, గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి. డిజైన్ వాళ్లు అప్పటికే లీ మిన్ హో ఫొటోలు దించేసుకున్నారు. ఆ అబ్బాయి మీద నాకేం కోపం లేదు. కానీ హీరో జుట్టు, హీరో కోటు, హీరో చిరునవ్వు అంటూ పేజీలు నింపాలంటే నాకు మొదట్నుంచీ ఒళ్లు బరువే. ఈ సీరియళ్లు నిలబడేదీ కూలబడేదీ హీరోయిన్ దగ్గరే అని నా అనుమానం. దానికి సాక్ష్యం హనుమకొండలో, ఓ లేడీస్ టైలరు కొలతల పుస్తకంలో దొరికింది.

పొడుగాటి అకౌంట్సు పుస్తకం అది. ముందు నుంచి తెరిస్తే అన్నీ జాకెట్ల కొలతలు: పొడవు, ఛాతీ, నడుము, చెయ్యి, ముందు మెడ, వెనక మెడ. పక్కన పిన్నుతో గుచ్చిన గుడ్డ ముక్కలు. తిరగేసి వెనక నుంచి తెరిస్తే సీరియళ్లు. పేజీ పైన దేశం, సంవత్సరం. కింద స్కేలు పెట్టి కొట్టిన నాలుగు గళ్లు: పిల్ల, పిల్లగాడు, రెండో పిల్లగాడు, పిల్లగాడి తల్లి. ప్రతి గడిలో నటుల వయసు, దాని కింద ఒక్క ముక్క తీర్పు. కూతురు ఇంజినీరింగ్ చదివేటప్పుడు పెన్ డ్రైవ్‌లో తెచ్చిన కొరియా సీరియల్‌తో టైలరమ్మకి ఈ అలవాటు మొదలైందట. ఇంటర్ దాకా చదివిన ఇంగ్లీషుతో సబ్‌టైటిల్స్ చదువుతుంది. అర్థం కాని చోట ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూస్తుంది.

"పేరు మాత్రం రాయొద్దు సార్, గిరాకీలు నవ్వుతరు" అంది. రాయడం లేదు.

పుస్తకంలో చాలా సీరియళ్లే ఉన్నాయి గానీ, నన్ను కట్టిపడేసినవి వరుసగా ఉన్న ఐదు పేజీలు. ఐదింట్లోనూ ఒకే కథ. జపాన్‌లో కామియో యోకో 1992లో మొదలుపెట్టిన 'హనా యోరి దాంగో' అనే బొమ్మల కథకి ఐదు దేశాలు కట్టిన ఐదు సీరియళ్లు. డబ్బున్న పిల్లల బడిలోకి ఓ పేదింటి అమ్మాయి వస్తుంది. అక్కడ నలుగురు కుర్రాళ్లు రాజ్యమేలుతుంటారు. వాళ్లు ఎవరికి ఎర్ర చీటీ ఇస్తే బడి మొత్తం వాళ్లని వేధిస్తుంది. ఈ పిల్లకీ చీటీ వస్తుంది, ఈ పిల్ల తిరగబడుతుంది. ఆ నలుగురి నాయకుడు ఈ పిల్ల మీదే మనసు పడతాడు. కథ అంతే. మార్చింది మనుషుల్నే. అందుకే తారాగణం ఎంపిక ఎంత పని చేస్తుందో చూడటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఆసియా టీవీలో నాకు కనపడలేదు.

మొదట నా కన్ను వయసుల గడి మీద పడింది. తైవాన్ 'మీటియర్ గార్డెన్' 2001 ఏప్రిల్‌లో మొదలైంది. హీరోయిన్ బార్బీ షూ, హీరో జెర్రీ యాన్. ఇద్దరికీ అప్పుడు 24 ఏళ్లు, కానీ ఆమె పుట్టింది 1976 అక్టోబరులో, అతను 1977 జనవరిలో. కొరియా 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్' 2009 జనవరిలో వచ్చింది. కు హే సన్‌కి 24, లీ మిన్ హోకి 21. చైనా 2018లో మళ్లీ తీసినప్పుడు షెన్ యుయెకి 21, డిలన్ వాంగ్‌కి 19. అంటే మూడు దేశాల్లో హీరోయినే పెద్దది. జపాన్‌లో మాత్రం తిరగబడింది: ఇనోఉయె మావోకి 18, మత్సుమోతో జున్‌కి 22.

ఈ లెక్క ఏ సినిమా పేజీలోనూ నేను చూడలేదు. మన దగ్గర హీరోకి యాభై దాటినా పక్కన పాతికేళ్ల అమ్మాయిని నిలబెట్టి, అడిగితే మార్కెట్ అంటారు. అక్కడా మార్కెట్టే ఉంది, అక్కడివాళ్లూ వ్యాపారులే. ఆ మూడు చోట్లా కుర్రాడి కన్నా కాస్త ముదురు అమ్మాయిని పెట్టడం వల్ల జరిగిందేమిటో టైలరమ్మ ఒక్క ముక్కలో రాసింది: "కొడితే తగిలినట్టుంది."

కొట్టడం ఈ కథకి కీలకం. కొరియా సీరియల్‌లో గుమ్ జాన్ డీ వాళ్లది డ్రై క్లీనింగ్ దుకాణం. ఉతికిన బట్టలు ఇవ్వడానికి ఆ గొప్ప బడికి వస్తుంది. పైకప్పు మీద నుంచి దూకబోతున్న కుర్రాణ్ని పట్టుకుని ఆపుతుంది. పరువు పోతుందని భయపడ్డ బడివాళ్లు ఆమెకి ఉచిత సీటు ఇచ్చి నోరు మూయిస్తారు. ఆ తర్వాత ఆమె కాలు లేచి గూ జున్ ప్యో మొహం మీద పడుతుంది. ఈ తన్నుకి టైలరమ్మ వేసిన తీర్పు కటువుగానే ఉంది: "కాలు మంచిగ లేసింది. కండ్లే మరీ పెద్దగ చేస్తది." కు హే సన్ అంత అందమైన మొహానికి అన్ని హావభావాలు అక్కర్లేదని నాకూ అనిపించింది.

జపాన్‌లో ఇనోఉయె మావో గుద్దుతుంది. అప్పటికే ఆమె 'కిడ్స్ వార్' అనే సీరియల్‌లో గడుసు పిల్లగా ఏళ్ల తరబడి నటించి ఉంది. పిడికిలి బిగించే ముందు ఆమె మొహంలో వీరత్వమేమీ ఉండదు. విసుగు ఉంటుంది, దాని వెనక కాస్త భయం ఉంటుంది. ఇంట్లో అప్పులు, నాన్న ఉద్యోగం, నెలాఖరు అన్నీ ఆ విసుగులోనే ఉంటాయి. నా ఓటు ఈమెకే. టైలరమ్మ ఒప్పుకోలేదు.

"ఆ పిల్ల మంచిగనే చేసింది సార్. కానీ షాన్ సాయ్‌ని చూడుర్రి. ఆ పిల్లకి ఏడుపొస్తది, కానీ మాట ఆగది. గట్ల ఏడ్చుకుంట కొట్లాడుడు అందరికి రాదు" అంది.

షాన్ సాయ్ అంటే బార్బీ షూ. నటనకి ముందు ఆమె చెల్లెలితో కలిసి జంట గాయనిగా పాడింది, టీవీలో వినోద కార్యక్రమాలు నడిపింది. కెమెరా ముందు తడుముకోకుండా మాట్లాడటం అక్కడే అలవాటైంది. మిగతా నలుగురు కుర్రాళ్లు దాదాపు కొత్తవాళ్లు. వాళ్లు బిగుసుకుపోయిన సన్నివేశాల్ని ఆమె మాటతో నెట్టుకొచ్చింది. ఆ సీరియల్ ఇప్పుడు చూస్తే వెలుతురు సరిగా ఉండదు, జుట్లు నవ్వు తెప్పిస్తాయి. ఆమె ఒక్కతే పాతబడలేదు. 2025 ఫిబ్రవరిలో జపాన్ వెళ్లినప్పుడు ఫ్లూ న్యుమోనియాగా ముదిరి ఆమె 48 ఏళ్లకే పోయింది. తైవాన్ పేజీలో ఆమె గడి పక్కన ఆ నెల, ఆ సంవత్సరం వేరే సిరాతో రాసి ఉన్నాయి.

చైనా పేజీలో తీర్పులు పొట్టిగా ఉన్నాయి. తైవాన్ సీరియల్‌ని యువతని చెడగొడుతుందని చైనా ప్రభుత్వం 2002లో ఆపించింది. అదే నిర్మాత ఆంజీ చాయ్ 2018లో చైనాకే వెళ్లి అదే కథ తీసింది. వేధింపుల పదును తగ్గిపోయింది. ఎర్ర చీటీ పోయి పేకముక్క వచ్చింది, నలుగురు కుర్రాళ్లూ బ్రిడ్జి ఆడతారు. గొడవ హీరో ఆమె ఫోను తొక్కడంతో మొదలవుతుంది. షెన్ యుయె చక్కని పిల్ల, అంతకు ముందు ఏడాదే 'ఎ లవ్ సో బ్యూటిఫుల్' అనే సీరియల్‌లో బళ్లో ప్రేమలో పడ్డ అమ్మాయిగా మెప్పించింది. కానీ పగిలిన ఫోను కోసం అంత యుద్ధం ఎందుకో మనకి అర్థం కాదు. "పిల్ల మంచిదే. కోపానికే కారణం లేదు" అని పుస్తకంలో ఉంది. ఆ తప్పు నటిది కాదని ఆమె గడిలో మార్కులు తగ్గించలేదు.

హీరో సంగతీ చెప్పాలి, లేకపోతే డిజైన్ వాళ్లు ఊరుకోరు. మూల కథలో హీరోకి ఉంగరాల జుట్టు. జపాన్, కొరియా ఆ జుట్టుని భక్తిగా నిలబెట్టాయి. లీ మిన్ హో అంతకు ముందు చిన్నాచితకా సీరియళ్లు చేసినవాడే. ఆ చుట్టలు తిప్పిన జుట్టుతో రాత్రికి రాత్రి దేశం దాటాడు. కొరియాలో ఆ సీరియల్ రేటింగు 30 శాతం పైకి పోయింది. పొడగరి, కోటు నిలుస్తుంది, ఏడిస్తే నమ్మబుద్ధేస్తుంది. టైలరమ్మ అతని గడిలో భుజాల గురించి రెండు లైన్లు రాసింది, వృత్తిరీత్యా. కానీ ఈ పాత్రకి కావలసింది అందం ఒక్కటే కాదు, వెర్రివాడిలా కనపడటానికి సిగ్గుపడకపోవడం. ఆ పని మత్సుమోతో జున్ చేశాడు. సామెతలు తప్పు చెప్తాడు, మాటలు తారుమారు చేస్తాడు, అది తెలియక ఛాతీ విరుస్తాడు. 'అరాషి' గాయక బృందంలో అంత పేరున్నవాడు అలా నవ్వులపాలు కావడానికి ఒప్పుకోవడం నాకు నచ్చింది.

బృందం అన్నాను కాబట్టి ఇంకో సంగతి. ఈ నలుగురు కుర్రాళ్ల ఎంపిక సగం నటనకి, సగం పాటకి. జపాన్‌లో అరాషి సభ్యుడు హీరో అయితే, సీరియల్ పాటా అరాషిదే. కొరియాలో రెండో హీరో కిమ్ హ్యున్ జూంగ్ 'ఎస్ఎస్501' నాయకుడు, నాలుగో కుర్రాడు కిమ్ జూన్ 'టీ మ్యాక్స్' వాడు. రెండు బృందాల పాటలూ సీరియల్‌లో వినపడతాయి. తైవాన్‌లో వరుస తిరగబడింది: సీరియల్ ఆడాక ఆ నలుగురినే 'ఎఫ్4' అనే గాయక బృందం చేసి అదే ఏడాది ఆల్బమ్ అమ్మారు. 2021 డిసెంబరులో మొదలైన థాయ్ సీరియల్‌కి జీఎంఎం టీవీ తన ఇంటి కుర్రాళ్లనే తెచ్చింది. హీరో బ్రైట్, ఆ నలుగురిలో ఇంకో కుర్రాడు విన్ అంతకు ముందు ఏడాది 'టుగెదర్' సీరియల్‌లో ఒకరినొకరు ప్రేమించుకునే జంటగా ఆసియా అంతా పేరు తెచ్చుకున్నవాళ్లు. వాళ్లిద్దరి మధ్యకి వచ్చి నిలబడాల్సిన హీరోయిన్ తూ తొంతవన్ కష్టం ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఆమె గడిలో "పాపం, అభిమానులే సవతులు" అని ఉంది. అన్నట్టు, వేధింపుల్ని వేధింపులుగా చూపించడంలో థాయ్‌వాళ్లే అందరికన్నా నిజాయితీగా ఉన్నారు.

కొరియా పేజీ అడుగున, నాలుగు గళ్ల బయట, ఒక పేరు విడిగా రాసి చుట్టూ సున్నా చుట్టి ఉంది: జాంగ్ జా యోన్. హీరోయిన్‌ని వేధించే ముగ్గురు డబ్బున్న అమ్మాయిల్లో ఒకరిగా నటించింది. 2009 మార్చి 7న, సీరియల్ ఇంకా నడుస్తుండగానే, ప్రాణం తీసుకుంది. ఏజెన్సీ తనని పెద్దమనుషుల విందులకి, వాళ్ల కోరికలకి బలవంతంగా పంపిందన్న ఆరోపణలతో రాసిన కాగితాలు తర్వాత బయటికొచ్చాయి. 2018లో కేసుని మళ్లీ తవ్వారు. మరుసటి ఏడాది, కాలపరిమితి దాటిందనీ ఆధారాలు చాలవనీ అసలు ఆరోపణల దగ్గర చేతులెత్తేశారు. హీరోలని ఎలా ఎంచుకున్నారో వందసార్లు రాస్తాం. పక్క పాత్రల అమ్మాయిలు ఆ పరిశ్రమలో ఏ గుమ్మాలు దాటి రావాల్సి వచ్చిందో అడిగినవాళ్లు తక్కువ. ఈ సీరియల్‌ని మురిపెంగా గుర్తు చేసుకునే ప్రతి వ్యాసంలోనూ ఆ పేరు ఉండాలి.

ఎలా వచ్చాయి మన దాకా

2000లో మణిపూర్‌లో తిరుగుబాటుదారులు హిందీ సినిమాల్ని, చానళ్లని నిషేధిస్తే ఆ ఖాళీలోకి కొరియా చానల్ అరిరంగ్ వచ్చింది. దూరదర్శన్ 2006లో కొరియా చారిత్రక సీరియల్ 'ఎంపరర్ ఆఫ్ ద సీ' వేసింది. తమిళంలో పుదుయుగం చానల్ కొరియా సీరియళ్లని డబ్బింగు చేసి చూపింది. లాక్‌డౌన్‌లో 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ', 2021లో 'స్క్విడ్ గేమ్'. ఎమ్మెక్స్ ప్లేయర్ విదేశీ సీరియళ్లని తెలుగులో మాట్లాడించింది. మిగతాది మీ ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉందో వాళ్లని అడగండి.

తల్లి గడి

హీరో తల్లి ఈ కథలో ప్రతినాయిక. జపాన్‌లో కాగా మారికో, కొరియాలో లీ హే యంగ్. కాగా మారికో 1964 నాటి 'పేల్ ఫ్లవర్' సినిమా కథానాయిక. నోరు పెద్దది చేయకుండా ఎదుటి మనిషిని గడ్డిపోచని చేస్తుంది. టైలరమ్మ ఇద్దరికీ సమాన మార్కులు వేసింది. నేనైతే వేయను.

మన కొలతలకి

కొరియా కథలు తెలుగు మనుషులకి అతకవని కాదు. 'మిస్ గ్రానీ' సినిమాని చైనా, వియత్నాం, జపాన్ తమ తమ నటులతో తీసుకున్నాక, 2019లో నందినీరెడ్డి 'ఓ బేబీ'గా తీసింది. వయసుమళ్లిన బామ్మగా లక్ష్మి, పడుచుగా మారాక సమంత. లక్ష్మి నడకని, విసుర్లని సమంత పట్టుకోగలిగింది కాబట్టే అది నిలబడింది. 2022లో 'మిడ్‌నైట్ రన్నర్స్'లోని ఇద్దరు కుర్రాళ్ల పాత్రలు 'శాకినీ డాకినీ'లో రెజీనా, నివేదా థామస్‌లకి వెళ్లాయి.

మరి ఈ ఎర్ర చీటీ కథ తెలుగులో తీస్తే ఎవరిని పెట్టాలని అడిగాను. ఆమె మిషను ఆపకుండానే చెప్పింది.

"పేర్లు నేను చెప్పను సార్. ఆ పిల్ల ఇస్త్రీ దుకాణం పిల్ల అయితే ముందు ఇస్త్రీ పెట్టె పట్టుడు రావాలె. హీరో కంటె రెండేండ్లు పెద్దదున్నా మంచిదే. ఆది జాకెట్టు పిల్లది తెచ్చి, హీరో పక్కన బాగుంటదని కుట్టొద్దు. ముందు ఆ పిల్లని తెచ్చుకొని, పిల్లగాణ్ని తర్వాత దేవులాడుకోవాలె."

"పిల్లగాడు దొరక్కపోతేనో?"

"ఎందుకు దొరకడు సార్? హైదరాబాద్‌ల ఎటు చూసినా హీరోలే గదా."

ఇస్త్రీ దుకాణం విషయంలో మాత్రం నేను విభేదించాను. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వంట చేసే మనిషి కూతురు అయితే మన దగ్గర ఇంకా బాగా పేలుతుందన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, అట్లయితే మొదటి దెబ్బ గరిటెతో పడాలంది.