పటాలం నుంచి పెరట్లోకి

అమెరికాలో మిలిటరీ సరుకు వేలం వేసే యార్డులో ఆ రెండు పెట్టెలూ పక్కపక్కనే కనిపిస్తాయి. రెండూ ముదురాకుపచ్చవే. అదే ఎత్తు, అవే తలుపులు, అవే మీటర్లు. ఒకదాని రేకు పలక మీద ఎంఈపీ-802ఏ అని ఉంటుంది, రెండోదాని మీద ఎంఈపీ-812ఏ అని. తేడా ఒక్క అంకె. మొదటిది 60 హెర్ట్జ్ కరెంటు ఇస్తుంది, అంటే అక్కడి ఇళ్లలో వాడేదే. రెండోది ఇచ్చేది 400 హెర్ట్జ్. ఫ్రీక్వెన్సీ పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్లూ మోటార్లూ చిన్నవిగా, తేలిగ్గా చేసుకోవచ్చు గనుక రాడార్లకూ క్షిపణి పరికరాలకూ సైన్యం దాన్ని వాడుకుంది. ఇంట్లో ఫ్రిజ్‌కు అది ఎందుకూ కొరగాదు. చవగ్గా పోతోందని 812ను పాడుకున్నవాడికి మిగిలేది మంచి డీజిల్ ఇంజను, దానికి తగిలించిన పనికిరాని ఆల్టర్నేటరు.

ఈ బేరంలో ఇలాంటి అంకెలు చాలానే ఉన్నాయి. వాటిని చదవడం వచ్చినవాళ్లకు మాత్రం ఈ మిలిటరీ పెట్టెల అంత గట్టి జనరేటరు ఈ ధరకు ఇంకెక్కడా దొరకడం కష్టం.

హ్యూస్టన్, డాలస్ పరిసరాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు జనరేటరు గోల కొత్తది కాదు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. 2024 జులైలో బెరిల్ తుపాను హ్యూస్టన్ ప్రాంతంలో 22 లక్షలకు పైగా కనెక్షన్లను చీకట్లో పడేసింది. కొన్ని వీధులకు వారం దాటినా వెలుగు రాలేదు. ఇలాంటప్పుడు దుకాణాల్లో జనరేటర్లు గంటల్లో అమ్ముడైపోతాయి. అప్పుడే కొందరి దృష్టి మిలిటరీ వేలాల మీద పడుతుంది.

అమెరికా సైన్యం ఎక్కడికి వెళ్లినా కరెంటు వెంట మోసుకెళ్లాల్సిందే. వియత్నాం యుద్ధకాలానికి ఆ సైన్యంలో ఎన్నో కంపెనీల జనరేటర్లు పోగయ్యాయి, ఒకదాని భాగం ఇంకోదానికి సరిపోదు. ఆ గందరగోళాన్ని సర్దడానికి 1967లో రక్షణశాఖ మొబైల్ ఎలక్ట్రిక్ పవర్ అనే విభాగం పెట్టింది. ఎంఈపీ అన్న మూడక్షరాలు ఆ పేరులోవే. పాత తరంలో 5 కిలోవాట్ల ఎంఈపీ-002ఏ, 10 కిలోవాట్ల 003ఏ ప్రసిద్ధం. గాలితో చల్లబడే ఓనన్ ఇంజన్లు, చుట్టూ గూడు ఉండదు, చప్పుడు చెవులు దిమ్మెక్కిస్తుంది. 1990లలో వాటి స్థానంలోకి టాక్టికల్ క్వయట్ అనే తరం వచ్చింది. వీటిలో చాలావాటికి నీళ్లతో చల్లబడే ఇంజను, చుట్టూ శబ్దాన్ని మింగే డబ్బా, 7 మీటర్ల దూరంలో సుమారు 70 డెసిబెల్స్. శత్రువుకు వినిపించకూడదన్న ఆలోచన ఇప్పుడు పక్కింటివాళ్లతో తగాదా తగ్గించడానికి పనికొస్తోంది, కొంతవరకే అనుకోండి.

ఈ రెండో తరమే ఇప్పుడు వేలాలకు వస్తోంది. గత దశాబ్దం మొదట్లో సైన్యం కమిన్స్ తయారుచేసిన ఆమ్ప్స్ అనే కొత్త జనరేటర్లకు మారడం మొదలుపెట్టింది. ఇంధనం ఆదా దీని వెనక ఉన్న పెద్ద కారణం. యుద్ధకాలంలో ఆర్మీ దగ్గర అన్నిటికన్నా ఎక్కువ ఇంధనం తాగేవి జనరేటర్లేనని 2008లో అమెరికా రక్షణ విజ్ఞాన మండలి నివేదిక తేల్చింది. ట్యాంకులు కాదు, హెలికాప్టర్లు కాదు, డేరాల్లో ఏసీలు నడిపే ఈ పెట్టెలు! ఆ డీజిలును అఫ్గానిస్తాన్ కొండదారుల్లో లారీలమీద మోసుకెళ్లడంలో సైనికుల ప్రాణాలు పోయేవి.

ఇంటి అవసరానికి చూడదగ్గవి ముఖ్యంగా మూడు. ఎంఈపీ-831ఏ 3 కిలోవాట్లది, ఒకే సిలిండరు యన్మార్ ఇంజను, బరువు 150 కిలోలు. 802ఏ 5 కిలోవాట్లది, రెండు సిలిండర్ల లిస్టర్-పెటర్ ఇంజను, బరువు 400 కిలోలు. 803ఏ 10 కిలోవాట్లది, అదే కంపెనీ నాలుగు సిలిండర్లది, అరటన్ను దాటుతుంది. తర్వాతి రెండూ నిమిషానికి 1800 చుట్లతో నిదానంగా తిరుగుతాయి. దుకాణంలో దొరికే మామూలు పెట్రోలు జనరేటరు 3600 చుట్లతో ఊపిరాడకుండా పరిగెడుతుంది. ఆయుష్షులో తేడా అక్కడే ఉంది.

లిస్టర్, పెటర్ అనే పేర్లు మన పెద్దవాళ్లలో కొందరికి తెలిసే ఉంటాయి. ఇంగ్లండులోని డర్స్‌లీ ఊళ్లో 1867లో పుట్టిన కంపెనీ లిస్టర్. 1929లో అది తెచ్చిన నెమ్మది ఇంజనుకు నకళ్లు రాజ్‌కోట్ కార్ఖానాల్లో దశాబ్దాలపాటు తయారయ్యాయి. పల్లెలకు కరెంటు స్తంభాలు రాకముందు మన బావుల గట్లమీద టకటకమన్న ఆయిలింజన్లలో ఆ వంశానివీ ఉన్నాయి. రాజ్‌కోట్ నకళ్లను అమెరికాలో సొంత కరెంటు పిచ్చి ఉన్నవాళ్లు తెప్పించుకునేవారు కూడా. పొగ నిబంధనలు బిగిశాక ఆ దారి మూసుకుపోయింది.

ఇక బేరం సంగతి. సైన్యం వదిలేసిన సరుకును డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీ కింద ఉండే డిస్పోజిషన్ సర్వీసెస్ విభాగం వదిలించుకుంటుంది. ప్రైవేటు వేలం సంస్థలు దాన్ని ఆన్‌లైన్‌లో పాటకు పెడతాయి. షరతు ఒక్కటే: ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోట ఉన్నట్టు. ఇంజను తిరుగుతుందన్న హామీ లేదు, వాపసు లేదు. పాడుకున్న ధర మీద వేలం సంస్థ రుసుము పడుతుంది, గడువులోగా తీసుకెళ్లకపోతే నిల్వ చార్జీలు పడతాయి. యార్డువాళ్లు ఫోర్క్‌లిఫ్ట్‌తో ట్రెయిలరు మీద పెడతారు, అంతవరకే. ఇంటి ముందు 400 కిలోల పెట్టెను దింపడం కొన్నవాడి తలనొప్పి. తక్కువకు దక్కిందని మురిసినవాళ్లలో చాలామంది ఈ రవాణా ఖర్చు దగ్గరే నాలుక కరుచుకుంటారు.

ఫొటోలో చూడాల్సింది రంగు కాదు, రేకు పలక. మోడల్ అంకె, తయారైన సంవత్సరం దానిమీద ఉంటాయి. సైనిక డిపోలో పూర్తిగా బాగుచేసినదైతే ఆ సంగతి చెప్పే పలక ఇంకోటి ఉండొచ్చు. గంటల మీటరును గుడ్డిగా నమ్మకూడదు, ప్యానెల్ మారిస్తే మీటరూ మారుతుంది. చూసిరావడానికి అనుమతి ఉన్న రోజున తలుపులు తీయాలి. తీగలు, గేజీలు, బ్యాటరీ కేబుళ్లు ఎవరైనా పీక్కుపోయారా? ఆయిల్ కొలిచే పుల్లకు పాలలాంటి తెలుపు అంటుకుందా? అంటుకుంటే నీళ్లు దిగాయన్నమాట. డీజిలు ట్యాంకులో బురదలాంటి జిగురుంటే నిల్వ ఇంధనంలో సూక్ష్మజీవులు పెరిగాయని అర్థం. రబ్బరు గొట్టాలు బీటలువారి ఉండటం మామూలే, అది ధరలో కలిపి లెక్కేసుకోవాలి.

యంత్రం ఇంటికొచ్చింది కదా అని వెంటనే స్టార్ట్ చేయడం తప్పు. ఏళ్లతరబడి కదలని లిస్టర్-పెటర్ ఇంజనులో డీజిలు కొలత నియంత్రించే ర్యాక్ బిగుసుకుపోతుంది. మూసుకున్న స్థితిలో బిగుసుకుంటే ఇంజను లేవదు, అంతే. తెరుచుకున్న స్థితిలో బిగుసుకుంటే లేచిన ఇంజను వేగం అదుపు తప్పి ముక్కలయ్యేదాకా పోవచ్చు. అందుకే తెలిసిన మెకానిక్కులు మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి పీల్చే మూతి దగ్గర ఒక పలక పట్టుకుని నిలబడతారు. అవసరమైతే గాలి ఆపేస్తే డీజిల్ ఇంజను చచ్చినట్టు ఆగుతుంది. చేయి అడ్డం పెట్టడం మాత్రం వద్దు. స్టార్ట్ చేయడానికన్నా ముందు వాడాల్సిన డెడ్ క్రాంక్ అనే స్విచ్ ఉంది. దాన్ని వాడితే ఇంజను రాజుకోకుండా స్టార్టరు మాత్రమే తిప్పుతుంది, లోపలికి ఆయిల్ పాకుతుంది.

బ్యాటరీలు రెండు కావాలి. అంతా 24 వోల్టుల ఏర్పాటు, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. వేలంలో అవి సాధారణంగా ఉండవు, ఉన్నా చచ్చి ఉంటాయి. ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ పెట్టి పొదుపు చేసేవాళ్లకు త్వరలోనే రెండూ పోతాయి.

ప్యానెల్ మీద ఇంకో స్విచ్ ఉంది, దాని పేరు బ్యాటిల్ షార్ట్. మామూలుగా ఆయిల్ ప్రెషరు పడిపోయినా, ఇంజను మరీ వేడెక్కినా జనరేటరు తనంతట తాను ఆగిపోతుంది. ఈ స్విచ్ వేస్తే ఆ రక్షణలు పక్కకు తప్పుకుంటాయి. యుద్ధంలో రాడారు ఆగడం కన్నా ఇంజను కాలిపోవడం నయం అన్న లెక్క అది. ఇంట్లో ఆ లెక్క తిరగబడుతుంది. ఫ్రిజ్‌లో పాలు విరిగితే విరిగాయి, ఆ స్విచ్ జోలికి పోకూడదు.

సైన్యం చేతి నుంచి వచ్చే పెట్టె చాలాసార్లు మూడు ఫేజులకు అమర్చి ఉంటుంది. 802ఏ, 803ఏలలో లోపలి సెలెక్టరును 120/240 వోల్టుల సింగిల్ ఫేజుకు మార్చుకోవచ్చు. అలా మార్చాక 5 కిలోవాట్లది 240 వోల్టుల దగ్గర 26 ఆంపియర్లు ఇస్తుంది, 10 కిలోవాట్లది 52. ఇంట్లో ఏవేవి నడుస్తాయో ఈ అంకెలే చెబుతాయి. ఫ్రిజ్, దీపాలు, వైఫై, ఒక ఇండక్షన్ పొయ్యి 5 కిలోవాట్లకు హాయిగా సరిపోతాయి. దాంతోపాటు కరెంటుతో వేడెక్కే గీజరు ఆన్ చేస్తే అది ఒక్కటే 4.5 కిలోవాట్లు లాగుతుంది. ఇంటి మొత్తానికీ ఒకే ఏసీ ఉంటే, అది మొదలయ్యే క్షణంలో అడిగే కరెంటు నడిచేటప్పటికి ఎన్నో రెట్లు. సాఫ్ట్ స్టార్టరు పెట్టకపోతే 803ఏ కూడా ఉలిక్కిపడుతుంది.

అయితే ఎక్కువ లోడు కన్నా తక్కువ లోడే ఈ యంత్రాలను నెమ్మదిగా చంపుతుంది. 10 కిలోవాట్ల జనరేటరు కొని రాత్రంతా నాలుగు బల్బులూ ఒక ఫ్యానూ నడిపితే ఇంజను సరిగ్గా వేడెక్కదు. కాలని డీజిలు మసితో కలిసి పొగగొట్టంలో నల్లటి జిగురై కారుతుంది. మెకానిక్కులు దీన్ని వెట్ స్టాకింగ్ అంటారు. ఆస్పత్రుల్లాంటి చోట్ల అత్యవసర జనరేటర్లను నెలకోసారి కనీసం 30 శాతం లోడుతో అరగంట నడపాలని అమెరికా అగ్నిమాపక ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 110 చెబుతుంది. ఇంట్లోనూ అదే పద్ధతి పాటిస్తే మంచిది. నెలకోసారి హీటర్లు తగిలించి వేడెక్కేదాకా నడపాలి. పెద్దది కొంటే మేలు అనే మన అలవాటు ఇక్కడ చెల్లదు. చాలా ఇళ్లకు 802ఏ సరైనది, 803ఏ ఆశ.

డీజిలు ఖర్చు చూద్దాం. పూర్తి లోడు మీద 802ఏ గంటకు 2 లీటర్లకు కాస్త పైన తాగుతుంది, దాని ట్యాంకులో 19 లీటర్లు పడుతుంది. రాత్రి నిద్రపోయి లేచేసరికి ట్యాంకు అడుగు కనిపిస్తుంది. రోజంతా నడిస్తే 50 లీటర్లు దాటుతుంది. పక్కన డ్రమ్ము పెట్టి గొట్టంతో నేరుగా డీజిలు లాగే ఏర్పాటు సైన్యమే చేసిపెట్టింది, ఆ గొట్టం పెట్టెతోపాటు వచ్చిందో లేదో కొనేటప్పుడే అడగాలి. పెట్రోలు కన్నా డీజిలు నిల్వ సురక్షితం, మంట తొందరగా అంటుకోదు.

ప్రాణం మీదికి తెచ్చేవి రెండున్నాయి. జనరేటరు తీగను గోడ సాకెట్లో గుచ్చి ఇల్లంతా వెలిగించే పని నేరమూ, హత్యాయత్నమూ కూడా. ఆ కరెంటు వెనక్కి స్తంభం మీదికి పారుతుంది, అక్కడి ట్రాన్స్‌ఫార్మరు దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది, లైన్ బాగుచేయడానికి ఎక్కినవాడు బలవుతాడు. ట్రాన్స్‌ఫర్ స్విచ్ గానీ ఇంటర్‌లాక్ గానీ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో పెట్టించాలి. ఈ సైనిక పెట్టెల్లో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ లోపలే కలిపి ఉంచుతారు, ఇంటి ప్యానెల్‌కు కలిపేటప్పుడు ఆ పట్టీ ఉండాలో తీయాలో ఎలక్ట్రీషియనే తేల్చాలి. రెండోది పొగ. పెట్రోలు ఇంజను కన్నా డీజిల్ ఇంజను కార్బన్ మోనాక్సైడ్ తక్కువ వదులుతుంది, అయినా గ్యారేజీలో, కిటికీ కింద నడపడం ఆత్మహత్యే. అమెరికాలో పోర్టబుల్ జనరేటర్ల పొగకు ఏటా వందమంది దాకా చనిపోతున్నారు. ఇంటికి 20 అడుగుల దూరం అక్కడి ప్రభుత్వ సలహా.

రంగు విషయం చాలామంది పట్టించుకోరు. రసాయన దాడిని తట్టుకునే ఆ ప్రత్యేక పూతను మాస్కు లేకుండా గరుకు కాగితంతో రుద్దినా, దానిమీద వెల్డింగు చేసినా ఊపిరితిత్తులకు చేటు.

సామాను కంటైనర్లో వేసి దీన్ని ఇండియాకు పంపితే బావుంటుందని ఎవరికైనా తోస్తే మానుకోవడం మంచిది. మన కరెంటు 50 హెర్ట్జ్. పైగా వాడిన డీజిల్ జనరేటర్లు మన విదేశీ వాణిజ్య విధానంలో ఆంక్షలున్న సరుకు, ప్రత్యేక అనుమతి లేకుండా రేవు దాటవు. మన సైన్యం తీసేసిన సరుకు కావాలనుకుంటే ఎంఎస్‌టీసీ నడిపే ఈ-వేలాలు ఉన్నాయి, అక్కడా ఉన్నది ఉన్నట్టే అమ్మకం.

మరి ఎవరు కొనాలి? ఊరి బయట ఎకరమో రెండెకరాలో స్థలం, ఒక షెడ్డు, స్పానరు పట్టుకునే ఓపిక ఉన్నవాళ్లు నిస్సందేహంగా కొనొచ్చు. సైన్యం రాసిన మరమ్మతు పుస్తకాలు, 802ఏకు టీఎం 9-6115-641, 803ఏకు టీఎం 9-6115-642, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రతి మరనూ బొమ్మవేసి చూపించే అలాంటి పుస్తకం దుకాణంలో కొన్న ఏ జనరేటరుకూ రాదు. గోడకు గోడ ఆనుకున్న కాలనీ ఇంట్లో ఉంటూ, కాలనీ సంఘం నిబంధనలకు జవాబు చెప్పుకోవాల్సినవాళ్లు మాత్రం ఒక చిన్న పెట్రోలు ఇన్వర్టర్ జనరేటరు కొనుక్కుని నిశ్చింతగా ఉండటమే తెలివైన పని.