ఆకులా కనిపించి నడిచే ఆ పురుగు పేరేమిటి?

రాత్రి వరండాలో లైటు వేశాక గోడకు చిక్కుడాకు లాంటిదొకటి అంటుకుని ఉంటుంది. తీసేద్దామని చెయ్యి చాస్తే ఆ ఆకు కాస్తా కాళ్లు కదిపి నడుస్తుంది. ఇంట్లో ఒకరు మిడత అంటారు, ఇంకొకరు కీచురాయి, అంటే ఇలకోడి అంటారు. నిజానికి ఇది ఆ రెండిటికీ చుట్టం. టెట్టిగోనిడే అనే కుటుంబానిది. దీన్ని ఇక్కడ ఆకుమిడత అందాం.

మామూలు మిడత కాదని ఎలా తెలుస్తుంది?

మీసాలు చూడండి. పగటిపూట గడ్డిలో గెంతే మిడతకు అవి పొట్టిగా, దళసరిగా ఉంటాయి. ఆకుమిడతకు దారంలా సన్నగా, సాధారణంగా ఒంటికంటే పొడవుగా ఉంటాయి. చీకట్లో తిరిగే పురుగుకు అవే చేతికర్రలు.

ఇలకోడికీ పొడవు మీసాలే కదా?

అవును. అందుకే రెండో గుర్తు కావాలి. ఇలకోడి ఒళ్లు పైనుంచి అణిచినట్టు బల్లపరుపుగా ఉంటుంది. ఆకుమిడత చాలావరకు పక్కలనుంచి నొక్కినట్టు ఉంటుంది, రెక్కలు పూరింటి కప్పులా రెండు వైపులా వాలి ఉంటాయి. సందేహం తీరకపోతే భూతద్దంతో పాదం చూడండి. ఆకుమిడతకు నాలుగు కణుపులు, ఇలకోడికి మూడే.

వెనక కత్తి లాంటిది ఉంది. కుడుతుందా?

కుట్టదు. అది ఆడపురుగు గుడ్లు పెట్టే సాధనం. కొన్ని రకాలకు కొడవలిలా వంపు తిరిగి ఉంటుంది, కొన్నిటికి కత్తిలా నిటారుగా ఉంటుంది. దానితో ఆకు అంచునో, కొమ్మనో, మట్టినో చీల్చి గుడ్లు దాస్తుంది. ఇలకోడికైతే అది సూదిలా ఉంటుంది. చేత్తో గట్టిగా పట్టుకుంటే మాత్రం పెద్ద ఆకుమిడత కొరకగలదు.

అరిచేది నోటితోనా?

కాదు, రెక్కలతో. ఎడమ ముందురెక్క కింద ఆకురాయి లాంటి పళ్ల వరస ఉంటుంది. కుడి రెక్క అంచు దానికి రాసుకుంటే మోత పుడుతుంది. ముఖ్యంగా మగవి ఆడవాటిని పిలవడానికి ఇలా మోత చేస్తాయి. ఆ పిలుపు వినే చెవులు తలమీద ఉండవు, ముందు కాళ్ల మోకాళ్లకు కాస్త కిందుగా ఉంటాయి. రెక్కలు పూర్తిగా రాని పిల్ల పురుగు పాడలేదు.

పచ్చగా ఉంటే ఆకుమిడత అనుకోవచ్చా?

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. మన దేశంలో పొదల్లో హోరెత్తించే మెకోపోడా ఎలాంగేటా అనే ఒక్క రకంలోనే పచ్చవీ ఉంటాయి, ఎండుటాకు రంగువీ ఉంటాయి. కాబట్టి రంగును వదిలి, ఆకారాన్నీ చోటునూ చూడాలి. చెట్టు మాను మీద బెరడు పెచ్చులా అణిగి కూర్చుంటే సాత్రోఫిలియా కావచ్చు. పక్కల నొక్కినట్టుండాలన్న గుర్తు దానికి వర్తించదు. గడ్డిలో, వరిచేలో కోసుతలతో సన్నగా కనిపిస్తే కోనోసెఫాలస్ జాతిదేమో చూడండి. పడమటి కనుమల్లో పనసచెట్ల మీద ఉండే ఒనోమార్కస్ యూనినోటేటస్ కంటికి దొరకడం కష్టం. ఈలలాంటి దాని పిలుపే ముందు దొరుకుతుంది.

మందు కొట్టాలా?

పెరట్లో ఒకటో రెండో కనిపిస్తే అక్కర్లేదు. చాలా రకాలు నాలుగు ఆకులు కొరికి ఊరుకుంటాయి. కోనోసెఫాలస్ ఆకులు తింటూనే వరి కాండం తొలుచు పురుగు గుడ్లనూ తింటుంది, అంటే రైతుకు కొంత సాయమే.

ఈసారి కనిపిస్తే డబ్బా మందు తీయకండి, ఫోన్ తీయండి. మీసాల కొస దాకా, వెనక కత్తి దాకా ఫ్రేములో పడేలా పక్కనుంచి ఒక ఫొటో, పైనుంచి ఒకటి. ఏ చెట్టు మీద, ఏ వేళ కనిపించిందో రాసుకోండి. పేరు తెలిసినవాళ్లు అడిగేది అవే.