అడగకపోయినా అందాల్సిన వకీలు

ఖిదిర్‌పూర్‌కి బదిలీ అయి వచ్చిన మొదటి వారంలోనే బస్సులో నా టికెట్టు ఎక్కడో జారిపోయింది. కండక్టరు వచ్చి అడిగాడు. కొన్నానని చెప్పాలి, కానీ నాకు బెంగాలీ రాదు. కంగారులో వచ్చిన హిందీ కూడా నోట్లోంచి రాలేదు. అందరూ నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నారు. అప్పుడు పక్క సీట్లోని పెద్దావిడ కండక్టరుతో ఏదో చెప్పింది. నేను డబ్బులివ్వడం తను చూశానని చెప్పిందట. అతను వెళ్లిపోయాడు. ఆ రెండు నిమిషాలూ ఆవిడే నాకు వకీలు.

బదిలీల మీద ఊళ్లు తిరిగే మన పిల్లలకు ఇది కొత్త కాదు. కొత్త బడిలో చేరిన వారంలోనే కిటికీ అద్దం పగిలితే, వేళ్లన్నీ కొత్తగా వచ్చినవాడి వైపే చూపిస్తాయి. నిజం మన దగ్గర ఉన్నా, దాన్ని చెప్పే మాట లేకపోతే కష్టమే.

ఈ మధ్య పిల్లలతో అలీపూర్ జైలు మ్యూజియం చూసి వస్తుంటే ఒక అమ్మాయి అడిగింది: "మేడం, తప్పు చేసినవాడికి గవర్నమెంటే లాయర్ని ఎందుకు ఇవ్వాలి?" మంచి ప్రశ్న. దానికి జవాబే ఈ వ్యాసం.

పోలీసులు పట్టుకున్నవాడు నిందితుడు మాత్రమే. దోషి అవునో కాదో తేల్చేది కోర్టు. అక్కడ ప్రభుత్వం తరఫున వాదించడానికి పబ్లిక్ ప్రాసిక్యూటరు ఉంటారు. ఆయన ఎదుట వేలిముద్ర వేసే మనిషి ఒంటరిగా నిలబడితే, ఒకడి చేతులు కట్టేసి కుస్తీ పెట్టినట్టే.

ఒక ఉదాహరణ చూద్దాం. శ్రీకాకుళం నుంచి కోల్‌కతా రేవుకి పనికొచ్చిన కూలీని దొంగతనం కేసులో అరెస్టు చేశారనుకోండి. రాజ్యాంగంలోని 22వ అధికరణ ప్రకారం, ప్రయాణ సమయం కాక 24 గంటల్లోగా అతన్ని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆ తర్వాత 60 రోజుల్లో పోలీసులు దర్యాప్తు ముగించి చార్జిషీటు వెయ్యకపోతే, బెయిలు పొందడం అతని హక్కు. ఘోరమైన నేరాలకైతే ఆ గడువు 90 రోజులు. కానీ ఆ బెయిలు దానంతటది రాదు, అడగాలి. అడిగేలోపు చార్జిషీటు పడితే ఆ హక్కు చేజారిపోతుంది. ఈ లెక్క కూలీకి ఎలా తెలుస్తుంది? రోజులు లెక్కపెట్టి 61వ రోజున దరఖాస్తు పెట్టే మనిషే వకీలు. చార్జిషీటు చదవడం, సాక్షులను ఎదురు ప్రశ్నించడం, శిక్ష పడితే అప్పీలు చెయ్యడం కూడా ఆయన పనే.

వకీలు లేకపోతే ఏమవుతుందో 1979లో దేశమంతా చూసింది. బీహారు జైళ్లలో విచారణ కూడా మొదలుకాని ఖైదీలు ఏళ్ల తరబడి మగ్గుతున్నారని పత్రికలో వ్యాసాలు వచ్చాయి. కొందరైతే, నేరం రుజువైతే పడే శిక్షకంటే ఎక్కువ కాలమే లోపల ఉన్నారు. పుష్పా కపిల హింగొరాణి అనే న్యాయవాది ఆ వ్యాసాల ఆధారంగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. పేద నిందితుడికి ఉచితంగా వకీలును ఇవ్వడం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని జస్టిస్ పి.ఎన్. భగవతి ఆ కేసులో తీర్పు చెప్పారు.

"అడగందే అమ్మయినా పెట్టదు" అని మన సామెత. 1986లో సుప్రీంకోర్టు దీనికి ఎదురు చెప్పింది. అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన సుక్ దాస్ కేసులో, వకీలు లేకుండా విచారణ జరిపి శిక్ష వేశారు. అతను అడగలేదు కదా అన్నారు. హక్కు ఉందని తెలియనివాడు ఎలా అడుగుతాడు? ఆ సంగతి అతనికి చెప్పాల్సింది మేజిస్ట్రేటేనని చెప్పి కోర్టు ఆ శిక్షను కొట్టేసింది.

ఇక ఆ అమ్మాయి అడిగిన "తప్పు చేసినవాడు" అన్న మాట సంగతి. అమెరికాలోని ఫ్లోరిడాలో క్లారెన్స్ గిడియన్ అనే పేదవాడు దొంగతనం కేసులో వకీలు కావాలని అడిగితే కోర్టు కాదంది. తన కేసు తానే వాదించుకుని ఓడి, అయిదేళ్ల శిక్షతో జైలుకెళ్లాడు. అక్కడినుంచే పెన్సిలుతో సుప్రీంకోర్టుకు అర్జీ రాసుకున్నాడు. 1963లో ఆ కోర్టు అతనికి వకీలు ఉండాల్సిందేనంది. అదే కేసును వకీలుతో మళ్లీ విచారిస్తే నిర్దోషిగా బయటికి వచ్చాడు. వకీలు లేని విచారణలో దోషి, ఉన్న విచారణలో నిర్దోషి!

మన దేశంలో న్యాయ సేవల ప్రాధికార చట్టం 1987లో వచ్చి, 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. అందుకే ఆ తేదీన న్యాయ సేవల దినోత్సవం జరుపుకుంటాం. ఆడవారు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, దివ్యాంగులు, కార్మికులు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం పొందవచ్చు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది.

మొదట్లో ఈ కేసులను ప్యానెల్ లాయర్లు తమ సొంత కేసులతో పాటు చూసేవారు. ఫీజిచ్చే కక్షిదారు ఒకవైపు, జైల్లో ఉన్న పేదవాడు ఒకవైపు ఉంటే, రోజు ఎవరికి చిక్కుతుందో ఊహించగలరు. అందుకే 2022లో జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ కొత్త పద్ధతి తెచ్చింది. ఇందులో చేరిన వకీళ్లు పూర్తికాలం ఈ పనే చేస్తారు, ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. ఈ బృందానికి పెద్దగా ఉండాలంటే క్రిమినల్ కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవం కావాలి.

ఉచిత సాయం కోసం జిల్లా కోర్టులోని న్యాయ సేవల కార్యాలయానికి వెళ్లవచ్చు, లేదా 15100కి ఫోన్ చెయ్యవచ్చు. ఈ నంబరు దేశమంతటికీ ఒకటే. రేపు నాన్నగారికో అమ్మకో మళ్లీ బదిలీ అయినా ఇది మారదు. మీ ఇంట్లో పనిచేసే అక్కకీ, గేటు దగ్గరి వాచ్‌మన్ అంకుల్‌కీ చెప్పండి. వాళ్లకు తెలియకపోవచ్చు.

ఇంకొకటి. ఈసారి క్లాసులో అద్దం పగిలినప్పుడు, వేలు చూపించే ముందు కొత్తగా వచ్చినవాణ్ని "ఏం జరిగింది?" అని అడగండి. వాడికి మన భాష రాకపోతే, వచ్చినవాళ్లెవరైనా పక్కన నిలబడండి.