నల్లయట్ట రికార్డు: మెటాలికా బృందపు బాణీ మార్పు

గదితలుపులు మూసికొని మన బిడ్డలు వినుచుండు ఆ గోల యెట్టిదని తలిదండ్రులు మమ్మడుగుచుందురు. దానిని గోల యని త్రోసివేయుటకు ముందు ఒక్క రికార్డును గూర్చి తెలిసికొనుట మేలని మేము తలంచుచున్నాము.

త్రాష్ మెటల్ అనునది 1980 తరువాత అమెరికాలో ప్రబలిన బాణీ. విద్యుద్గిటారు తంత్రులను అరచేతి అంచుతో నొక్కిపట్టి అతివేగముగా మీటుట దాని లక్షణము. 1981లో లాస్ ఏంజిలిస్‌లో ఏర్పడిన మెటాలికా బృందము అందు అగ్రగణ్యము. 1988లో వెలువడిన వారి నాలుగవ రికార్డునందు 9 పాటలు సుమారు 65 నిమిషములు సాగును. శీర్షికా గీతమొక్కటే దాదాపు 10 నిమిషములు. లయ మాటిమాటికి మారును. బేస్ గిటారు నాదము వినబడుటయే కష్టము. 1986లో స్వీడనులో బస్సు ప్రమాదమున క్లిఫ్ బర్టన్ మరణింపగా ఆయన స్థానమునకు వచ్చిన జేసన్ న్యూస్టెడ్ వాయించినదంతయు గిటారుల హోరులో అణగిపోయెను. అది ఆతని తప్పు గాదు.

సభలలో ఆ దీర్ఘగీతమును వాయించునప్పుడు శ్రోతల ముఖములలో విసుగు కనబడెనని వాదకులే తరువాత చెప్పికొనిరి. అంతట వారు బాబ్ రాక్ అను నిర్మాతను పిలిపించుకొనిరి. ఆయన నలుగురిని ఒకే గదిలో కలిసి వాయింపుడనెను. 1990 అక్టోబరు మొదలు 1991 జూను వరకు పని సాగెను.

1991 ఆగస్టు 12న వెలువడిన ఆ రికార్డునకు బృందము పేరే పేరు. అట్ట నల్లనిదగుటచే నల్ల రికార్డు అందురు. ఇందు 12 పాటలు సుమారు 62 నిమిషములలో ముగియును. వేగము తగ్గెను. 'ఎంటర్ శాండ్‌మాన్' యంతయు ఒక్క చిన్న స్వరగుచ్ఛము మీదనే నిలిచినది. 'ది అన్‌ఫర్‌గివెన్'లో చరణము ఉద్ధతముగను, పల్లవి మృదువుగను నుండును. వాడుకకు ఇది తలక్రిందులు. 'నథింగ్ ఎల్స్ మాటర్స్' జేమ్స్ హెట్‌ఫీల్డ్ తనకొరకై వ్రాసికొన్న ప్రేమగీతము. బృందమునకు తగదని మొదట ఆతడే సందేహించెను. దానికి మైకేల్ కామెన్ వాద్యబృంద సహకారమును కూర్చెను.

పాత అభిమానులు కొందరు ఇది ధనాశకు లొంగుట యనిరి. మేము పూర్తిగా ఏకీభవింపజాలము. ధనము వచ్చినమాట నిజమే. అమెరికాలోనే 1 కోటి 60 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైనవి. అయినను, చెప్పదలచినదానిని 10 నిమిషములనుండి 5 నిమిషములకు కుదించుట తక్కువ శ్రమ కాదు. పోయినదియు కలదు: పాత పాటలలోని అనూహ్యమైన మలుపులు ఇందు అరుదు.

2011 అక్టోబరు 30న ఈ బృందము బెంగుళూరు ప్యాలెస్ మైదానమున కచ్చేరి చేసెను. తరతరములుగా మనవారున్న నగరమది. నాడు వినివచ్చినవారు మన యిండ్లలోను ఉండవచ్చును. తలిదండ్రులు ఒక సాయంకాలము బిడ్డలతో కూర్చుండి, 1988 నాటి శీర్షికా గీతమును, పిదప 'నథింగ్ ఎల్స్ మాటర్స్'ను వినవలెనని మా కోరిక. రెంటిలో ఏది మెరుగని బిడ్డలనే అడుగవచ్చును.