మార్కెట్ పడినా మనసు పడరాదు

చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతాల్లో ‘మార్కెట్ పడిపోయింది’ అంటే ఒకప్పుడు టమాటా ధర పడిపోయిందనే అర్థం. ఇప్పుడు ఆ మాటకు మరో అర్థం కూడా వచ్చింది. జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతూనే సెల్‌ఫోన్‌లో షేర్ల ధరలు చూసుకునే యువకులున్నారు. కూతురి పెళ్ళికి దాచిన సొమ్మో, హజ్ యాత్రకు కూడబెట్టిన సొమ్మో అందులో ఉంటే, ధర పడిన రోజు ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. అటువంటి కుటుంబాల కోసమే ఈ నాలుగు మాటలు.

షేరు కొనడమంటే ఒక కంపెనీలో భాగస్వామి కావడం. ఆ కంపెనీది మద్యం, వడ్డీ వంటి నిషిద్ధ వ్యాపారం కాకపోతే అందులో చేరవచ్చునని అనేకమంది ధర్మవేత్తలు చెప్పారు. అయితే భాగస్వామి అన్నాక లాభంతోపాటు నష్టానికీ సిద్ధపడవలసిందే.

2020 జనవరిలో 42,000 దాటిన సెన్సెక్స్, కరోనా భయంతో మార్చి 23న ఒక్కరోజే 3,934 పాయింట్లు పడి 25,981 వద్ద ఆగింది. 2021 జనవరిలో అదే సూచీ 50,000ను తాకింది. బెదిరి అమ్ముకున్నవారికి నష్టమే మిగిలింది. సొంత మిగులు సొమ్ము పెట్టినవారు ఓపిక పట్టగలిగారు. అప్పు తెచ్చి పెట్టినవారికి ఓపిక పట్టే వీలే లేదు. వాయిదా ఆగదు కదా!

పడిన ప్రతి షేరూ లేస్తుందనుకోవడమూ పొరపాటే. 2009 జనవరి 7న మన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధిపతి లెక్కలు తారుమారు చేశామని ఒప్పుకున్నారు. అంతకుముందు రోజు 179 రూపాయలున్న షేరు ఆనాటికి 40 రూపాయల లోపుకు పడింది. ఆ అధిపతుల కుటుంబం తమ షేర్లను కుదువపెట్టి అప్పులు తెచ్చింది. ధర తగ్గగానే అప్పిచ్చినవారు ఆ షేర్లను అమ్మేశారు. యజమానులనే ముంచిన అప్పు మనల్ని విడిచిపెడుతుందా? కనుక నిబ్బరమంటే కళ్ళు మూసుకుని కూర్చోవడం కాదు. పడింది మార్కెట్ అంతా కలిసా, లేక మనం కొన్న కంపెనీయే చెడిందా అని విచారించుకోవాలి.

ఇక తన దగ్గర లేని వస్తువును అమ్మవద్దని దైవప్రవక్త (స) వారించారు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ పేరిట సాగే బేరాలను పలువురు ధర్మవేత్తలు అందుకే కాదన్నారు. లోకానుభవమూ అదే చెబుతోంది. 2024 సెప్టెంబరులో సెబీ వెలువరించిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈ బేరాలు చేసిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు.

హజ్రత్ యూసుఫ్ (అ) వృత్తాంతం మనందరికీ తెలిసిందే. పంటలు పండిన ఏడేళ్ళలో ధాన్యాన్ని వెన్నులతోనే దాచి, కరువు ఏడేళ్ళను గట్టెక్కించే ఉపాయం ఆయన చెప్పారు. కరువు వచ్చాక చెప్పిన ఉపాయం కాదది. మన రైతుకూ ఈ సంగతి తెలుసు. ఉన్న పొలమంతా టమాటా వేయడు. ఒక మడిలో ఆకుకూరలు, ఒక మడిలో క్యారెట్, గట్టు పక్కన పూలు వేస్తాడు. ఒక సంతలో ధర పడిందని భూమిని అమ్ముకోడు. పొలంలో చూపే ఈ తెలివిని సెల్‌ఫోన్ ముందు మరచిపోవడమెందుకు?

పెళ్ళికి, చదువుకు, వైద్యానికి దగ్గరలో కావలసిన డబ్బు షేర్లలో పెట్టరాదు. అప్పు తెచ్చి అసలే పెట్టరాదు. పెట్టిన సంగతి ఇంటి ఇల్లాలి దగ్గర దాచరాదు.

ఇంకొక మాట. నష్టపోయినవాడు సిగ్గుతో మస్జిదుకు రావడం మానుకుంటే, మనమే అతని గడప తొక్కి పలకరించాలి. బాకీపడినవాడు ఇబ్బందిలో ఉంటే గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే మరీ మంచిదని దివ్యఖుర్ఆన్ బోధిస్తోంది. పోయిన సొమ్ము మళ్ళీ సంపాదించుకోవచ్చు. మనిషి చేజారితే ఏం చేసినా తిరిగి రాడు. పోయినదానికి కుంగిపోకుండా, వచ్చినదానికి విర్రవీగకుండా నిలబడే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.