ప్రార్థన మానవద్దు, మాత్రలూ మానవద్దు



మా ఇంటి సంగతితోనే మొదలుపెడుతున్నాము. భద్రాచలం నుండి చర్ల వైపు వెళ్లే దారిలో, అడవి అంచున మా ఊరు. కొన్నేళ్ల క్రిందట మా ఇంటి పెద్దాయన రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేచేవారు. ఎంత తిన్నా చిక్కిపోయారు. మూత్రము పోసిన చోట చీమలు చేరేవి. వయసు మీద పడుతున్నదనుకొన్నాము. ఉపకేంద్రములో నర్సమ్మ వ్రేలికి సూది గుచ్చి చూస్తే పరగడుపున 268 వచ్చింది. "షుగరు" అన్నది ఆమె. డాక్టరుగారు మాత్రలు వ్రాశారు. మూడు నెలలకు ఒళ్లు తేలికపడింది.

అప్పుడే ఒక స్వస్థత కూడికకు వెళ్లివచ్చి, "నాకు నయమైంది, ఇక మాత్రలు మింగితే అవిశ్వాసమే" అన్నారు. మేమూ ఆమేన్ అన్నాము. ఇప్పపూల కాలములో చెప్పులు లేకుండా అడవికి వెళితే కాలికి ముల్లు దిగింది. నొప్పి తెలియలేదు. పుండు నల్లబడి వాసన వచ్చాకనే చూశాము. ఆస్పత్రిలో బొటనవ్రేలు తీసివేశారు. ప్రార్థనలో తప్పు లేదు. పరీక్ష చేయించకుండానే నయమైందని చెప్పుకొన్న తప్పు మాది.

పరీక్ష అవిశ్వాసము కాదు

కుష్ఠరోగిని బాగుచేసిన ప్రభువే, వెళ్లి యాజకునికి చూపించుకొమ్మని అతనికి చెప్పాడు. హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అయినా యెషయా అతని పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. లూకా వైద్యుడు. మరి మనము సూదిమొనంత పరీక్షకు ఎందుకు జంకాలి? 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనము ప్రకారం మన దేశములో షుగరు ఉన్నవారు సుమారు 10 కోట్లమంది. ఇది పట్నపువారి జబ్బు అనే మాట ఇక చెల్లదు.

అంకెలు ఏమి చెబుతాయి?

రాత్రి భోజనము తరువాత కనీసం 8 గంటలు ఏమీ తినకుండా చేసేది పరగడుపు పరీక్ష. 100 లోపు ఉంటే మంచిది. 100 నుండి 125 వరకు హెచ్చరిక. 126 గాని అంతకు మించి గాని రెండుసార్లు వస్తే షుగరు ఉన్నట్టే. జబ్బు ఉన్నవారిలో చాలామందికి పరగడుపున 80 నుండి 130 మధ్య, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండేలా వైద్యులు చూస్తారు. ఆ రెండు గంటలను మొదటి ముద్ద నోట పెట్టినప్పటినుండి లెక్కపెట్టాలి.

ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. బెల్లమో పండో అంటిన వ్రేలు అబద్ధము చెబుతుంది. వ్రేలి కొన మధ్యలో కాక ప్రక్కన గుచ్చితే నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత బిగించి ఉంచాలి, గడువు తేదీ చూసుకోవాలి. ఒకరి సూది మరొకరు వాడకూడదు. స్ట్రిప్పులు ఖరీదు గనుక డాక్టరుగారిని అడిగి వారములో ఒకరోజు పరగడుపున, మరొకరోజు తిన్న తరువాత చూసుకోవచ్చు. అంకె ప్రక్కనే ఆ పూట ఏమి తిన్నారో పుస్తకములో వ్రాయండి. ఏ కూడు మీకు పడదో ఆ పుస్తకమే చెబుతుంది.

మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా ఉన్నది. అయితే మన ప్రాంతపు గిరిజన కుటుంబాలలో కనబడే సికిల్ సెల్ గాని, రక్తహీనత గాని ఉన్నవారికి దాని లెక్క తప్పవచ్చు. ఆ సంగతి డాక్టరుగారికి ముందే చెప్పాలి.

పళ్లెములో ఏముండాలి?

దానియేలు శాకధాన్యాదులు, నీళ్లు కోరుకొని, పది దినాలైన తరువాత తమను చూడమన్నాడు. తిండి, పరీక్ష రెండూ అక్కడే ఉన్నాయి. మన పళ్లెములో అన్నం కొండలా ఉంటుంది, కూర చెంచాడు. దానిని తిరగవేయాలి. సగము పళ్లెం తోటకూర, బీర, సొర, మునగాకు వంటివి. పావు భాగం పప్పు, గుడ్డు లేక చేప. మిగిలిన పావు అన్నం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో కూడా రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని ఉన్నది.

2025 నుండి తెలంగాణ రేషనులో సన్నబియ్యం వస్తున్నది. సన్నదైనా దొడ్డుదైనా అన్నం అన్నమే, కొలత తప్పకూడదు. జొన్న, కొర్ర మంచివే గాని అవీ ధాన్యాలే. పలుచని జావ త్వరగా ఎక్కుతుంది. "అడవి తేనె మందే గదా" అంటారు; తేనె, బెల్లం, పంచదార మూడూ షుగరును పెంచేవే. నేరేడు గింజల పొడి మాత్రలకు బదులు కాదు. కల్లు, సారా మానాలి. మాత్రలు వేసుకొని ఖాళీ కడుపున త్రాగితే షుగరు ప్రమాదకరముగా పడిపోవచ్చు.

ఉపవాస ప్రార్థనకు వెళ్లేవారికి

గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారు పస్తుంటే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, గుండెదడ, మాట తడబడటం దాని గుర్తులు. ఆత్మ ఆవేశమనో దయ్యమనో పొరబడకండి. 70 కంటే తగ్గితే ఉపవాసము వెంటనే విడవాలి. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి; 15 నిమిషాలకు మళ్లీ చూడండి, తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వండి. తరువాత భోజనము పెట్టండి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయకుండా వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. శ్రమల దినాలకు ముందే డాక్టరుగారిని అడగండి. కాపరిగారూ, ఇటువంటివారికి మాంసమో మరొకటో విడిచి పేదలకు ఇచ్చే ఉపవాసము నేర్పండి.

కాళ్లను చూసుకోండి

ప్రతి రాత్రి అరికాళ్లు, వ్రేళ్ల సందులు దీపము వెలుతురులో చూడాలి. కళ్లు కనబడనివారికి మనవలు చూడాలి. చలికాలములో నెగడు దగ్గర కాళ్లు కాచుకోవద్దు. స్పర్శ తగ్గిన కాలు కాలినా తెలియదు. పొలానికి, అడవికి చెప్పులు లేకుండా వెళ్లవద్దు. సంవత్సరానికొకసారి కళ్లు, మూత్రపిండాల పరీక్ష చేయించాలి.

సంఘము చేయదగినది

30 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వ ఉపకేంద్రాలలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఈ పరీక్ష ఉచితము. ఒక ఆదివారము ఆరాధన తరువాత ఆశా కార్యకర్తను, నర్సమ్మను పిలిపించండి. స్త్రీల సమాజమువారు పేర్లు వ్రాసుకొని, మాత్రలు ఆపినవారిని పలకరించండి. క్రిస్మసు విందులో పిండివంటల ప్రక్కన ఒక గిన్నెడు గుగ్గిళ్లు పెట్టండి. నయమైందని సాక్ష్యమిచ్చేవారిని గద్దించవద్దు. "దేవునికి స్తోత్రము, రేపు పరీక్ష చేయించుకుందాము, డాక్టరుగారు చెప్పేవరకు మాత్రలు మానవద్దు" అనండి.

మా పెద్దాయన ఇప్పుడు రోజూ ఉదయము మోకాళ్లూని ప్రార్థిస్తారు, లేచి మాత్ర వేసుకుంటారు, చెప్పులు తొడుక్కొని పొలానికి వెళతారు. మొన్న పరగడుపున 118. ఆ అంకె చూసి మా ఇంట్లో అందరమూ స్తోత్రము చెప్పాము. మీ ఇంట్లోనూ అటువంటి ఉదయము కలుగును గాక. ఆమేన్.