వయ్యారిభామ: పేరు చూసి మోసపోవద్దు.. ఒట్టి చేత్తో పీకితే దురదలే!

వానలు పడ్డాయంటే చాలు.. ఖాళీ ప్లాట్లలో, రోడ్ల పక్కన, రైలు పట్టాల వెంట చిన్న చిన్న తెల్లపూలతో గుబురుగా ఓ మొక్క కనిపిస్తుంది. అదే వయ్యారిభామ. కొన్ని చోట్ల కాంగ్రెస్ గడ్డి అంటారు. చామంతి కుటుంబానికి చెందిన మొక్కే.. కానీ జడలో పెట్టుకునే రకం మాత్రం కాదు!

వినాయక చవితి టైమ్‌లో ఇంకాస్త జాగ్రత్త. దీని ఆకులు చీలికలు చీలికలుగా, చూడ్డానికి మాచీపత్రిలాగే ఉంటాయి. పత్రి కోసం వెళ్లి దీన్ని తెంపుకొస్తే చేతులు మండటం ఖాయమనుకోండి. మాచీపత్రి ఆకు అడుగు వైపు తెల్లగా నూగులా ఉంటుంది. అది చూసుకోండి. నలిపి వాసన చూసే ప్రయోగాలు మాత్రం వద్దు.

అసలు దీంట్లో ఏముంది?

పార్థెనిన్ అనే రసాయనం. ఆకులు, కాండం మీది నూగులోనూ, పుప్పొడిలోనూ ఉంటుంది. చర్మానికి తగిలితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. గాల్లో ఎగిరే పొడితో కనురెప్పలు, మెడ, మోచేతి మడతల దగ్గర ఎక్కువగా కనిపిస్తాయి. పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఆస్తమా ఉన్నవాళ్లకి ఆయాసం. 'నేను ఎన్నోసార్లు పీకాను, నాకేం కాలేదు' అనేవాళ్లు ఉంటారు. చిక్కంతా అక్కడే.. పదే పదే తగిలాక అలర్జీ మొదలవ్వొచ్చు. ఒకసారి మొదలైతే ఏళ్ల తరబడి వదలదు. పశువులు మేస్తే పాలు చేదెక్కుతాయి.

మన దేశంలో ఇది బాగా కళ్లలో పడింది 1950ల్లో, పుణె దగ్గర. పుట్టిల్లు మెక్సికో వైపు. అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో వచ్చిందని చెబుతారు. ఒక్క మొక్కే వేల విత్తనాలు రాలుస్తుంది. ఇంకేం.. ఊరూరా పాకేసింది.

ఎలా వదిలించుకోవాలి?

పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకాలి. చేతికి గ్లవ్స్, ముక్కుకి మాస్క్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా తప్పనిసరి. పైపైన కోసేస్తే మళ్లీ చిగురిస్తుంది. పూత రాని మొక్కల్ని కంపోస్టు చేసుకోవచ్చు. ఉప్పు నీళ్లు కొట్టే పద్ధతీ ఉంది కానీ, అది బీడు నేలలకే.. పంట చేలో కొడితే భూమి పాడవుతుంది.

మొక్క మీద లేత పసుపు రంగులో, గోధుమ చారలతో చిన్న పెంకు పురుగులు కనిపించాయా? వాటిని చంపకండి. ఈ కలుపును తినడానికే మెక్సికో నుంచి తెప్పించి, 1984లో బెంగళూరులో వదిలిన జాతి అది. వానాకాలమంతా ఈ ఆకులు మేసుకుంటూ బతుకుతుంది.